వంతెన దగ్గర దిగని మనిషి

ఊరు చూపించే బస్సులో గైడుగా చేరి ఏళ్లు గడిచినా, బస్సెక్కే మొహాలను చూడటమంటే గైడమ్మకు ఇప్పటికీ సరదాయే. కిటికీ పక్క సీటు కోసం ఎవరు పేచీ పెడతారో, కోట మెట్లెక్కలేక ఎవరు కిందే కూర్చుంటారో, ఏది చూపించినా "మా ఊళ్లో ఇంతకంటే పెద్దదుంది" అని ఎవరు అంటారో, వాళ్లు బస్సు మెట్టు మీద కాలు పెట్టేటప్పుడే చెప్పేయగలదు. ఆ రోజు పొద్దున కూడా తలుపు పక్కన నిలబడి, టికెట్లు చూస్తూ, నవ్వుతూ ఒక్కొక్కరినే లోపలికి పంపుతోంది. అందరికన్నా వెనక ఒక పొడుగాటి మనిషి, అతని పక్కన పదిహేనేళ్ల ఆడపిల్ల, ఆ వెనక తల దించుకుని బ్యాగులో ఏదో వెతుక్కుంటున్న ఒకావిడ. ఆవిడ తలెత్తింది. గైడమ్మ చేతిలో టికెట్టు చేతిలోనే ఉండిపోయింది.

వదిన. చనిపోయిన తన అన్నయ్య భార్య.

పొడుగాటి మనిషి గైడమ్మ వంక ఒక్క క్షణం చూసి, చూపు తిప్పుకుని, పిల్ల భుజం మీద చెయ్యి వేసి లోపలికి నడిపించాడు. వదిన కూడా వాళ్ల వెనకే గబగబా వెళ్లి చివరి వరసలో కూర్చుంది.

"గైడమ్మా, తలుపు వేసేయనా?" అన్నాడు డ్రైవరు. ఆయన్ను అందరూ నిదానం అని పిలుస్తారు. సైకిళ్లు కూడా ఆయన బస్సును దాటుకుని పోతాయి.

"వెయ్యి," అంది గైడమ్మ. ఇంకో గైడును పిలిపిద్దామా అనుకుంది. రెండో బస్సు అప్పుడే వెళ్లిపోయింది. ఇక తప్పదు.

నది మీద కేబుల్ వంతెన కట్టే రోజుల్లో ఆమె అన్నయ్య అక్కడ పని చేసేవాడు. నదిలో నిలబెట్టిన పెద్ద స్తంభాల మీదికెక్కి, ఉక్కు తాళ్లు బిగించే జట్టులో ఉండేవాడు. ఆ పొడుగాటి మనిషిదీ అదే జట్టు. ఇద్దరూ ఒకరిని విడిచి ఒకరు ఉండేవారు కాదు. ఇంటికొస్తే ద్వారబంధం తగిలి నుదురు బొప్పి కట్టేది కాబట్టి, అప్పట్లో చిన్నపిల్లైన గైడమ్మ అతన్ని పొడుగన్నా అని పిలిచేది. ఒక వాన రోజు అన్నయ్య స్తంభం మీద నుంచి జారి నదిలో పడి పోయాడు. వదిన చంకలో పాప అప్పటికి ఇంకా పాకటం కూడా నేర్వలేదు.

మరో రెండేళ్లకు పొడుగన్న ఇంటికొచ్చి, వదినను పెళ్లి చేసుకుంటానని, పాపను తన బిడ్డగా పెంచుతానని అడిగాడు. గైడమ్మ వాళ్ల అమ్మ అంతెత్తున లేచింది. "ఇద్దరూ కలిసి ఎక్కారు. నువ్వొక్కడివే దిగొచ్చావు. ఇందుకేనా దిగొచ్చావు?" అంది. అంత మాట అన్నాక ఎవరు ఏం మాట్లాడతారు? పొడుగన్న నోరు విప్పలేదు. వదిన పాపనెత్తుకుని అతని వెంట వెళ్లిపోయింది. వాళ్లు వేరే ఊళ్లో వెల్డింగ్ షాపు పెట్టుకున్నారని ఎవరో అన్నారు. అంతకు మించి కబురు లేదు, కాకరకాయ లేదు.

ఆ ముగ్గురే ఇప్పుడు ఆమె బస్సులో, ఆమె చెప్పేది వింటూ కూర్చున్నారు.

పాత రాజభవనం దగ్గర ఆమె రోజూ చెప్పే జోకు ఒకటుంది. "రాజుగారికి ఏడుగురు రాణులు. ఒక్కొక్కరికి ఒక్కో గది. మరి ఎనిమిదో గది ఎందుకని అందరూ అడుగుతారు. ఏడుగురూ ఒకేసారి అలిగి తలుపులు వేసుకున్న రోజున పాపం ఆయన పడుకోవాలి కదండీ!" జనం ఎప్పటిలాగే నవ్వారు. గుంపు వెనక వదిన కూడా నవ్వింది. చప్పుడు లేకుండా, భుజాలు మాత్రం కదిలే నవ్వు. వంటింట్లో పక్కపక్కన కూర్చుని అమ్మ వినకుండా ఇద్దరూ నవ్వుకున్న నవ్వు అదే. గైడమ్మకు తర్వాత చెప్పాల్సిన మాట మర్చిపోయినంత పనైంది.

పిల్ల మాత్రం గుంపును తోసుకుని ముందుకొచ్చింది. "అది నిజమేనా? మీరే కల్పించారా?"

"సగం నిజం."

"ఏ సగం?" అంటూ తల ఒక పక్కకు వాల్చి, ఒక కన్ను కాస్త చికిలించి చూసింది.

అన్నయ్య అచ్చం ఇలాగే చూసేవాడు. తను బడి నుంచి వచ్చి ఏ కథ చెప్పినా ఇలాగే తల వాల్చి నిలదీసేవాడు. గైడమ్మ చూపు పక్కకు తిప్పుకుంది. "రాణుల సగం నిజం. అలగటం నేను కలిపాను," అని చెప్పి, వెళ్దాం పదండంటూ అందరికన్నా ముందు నడిచింది.

గడియార స్తంభం చూశారు. రాగి సామాను అమ్మే పాత బజారులో తిరిగారు. టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన గడియారాన్ని చూసి మా ఊరిది ఇంతకు రెండింతలుంటుందనీ, బజారును చూసి మా ఊరి బజారు ముందు ఇదెంతనీ, ఎక్కడా మొహమాటపడకుండా చెబుతూనే ఉన్నాడు. పొడుగన్న మాత్రం నీళ్ల సీసాలు మోస్తూ, పిల్ల నిలబడమన్న చోటల్లా నిలబడి ఫోటోలు తీస్తూ, గైడమ్మకు ఎప్పుడూ పది మంది దూరంలోనే ఉన్నాడు.

మధ్యాహ్నం హోటల్లో భోజనాలయ్యాక గైడమ్మ చేతులు కడుక్కుంటుంటే పక్క కుళాయి దగ్గరికి వదిన వచ్చింది. ఇద్దరూ ఎదురుగా ఉన్న అద్దంలోకే చూశారు.

"చిక్కిపోయావే," అంది వదిన.

"రోజూ తిరుగుడు కదా."

"అత్తయ్య ఎలా ఉంది?"

"పోయింది వదినా. రెండేళ్లయింది."

వదిన చేతుల మీద నుంచి నీళ్లు పోతూనే ఉన్నాయి. కుళాయి కట్టాలని తోచలేదామెకు. "నాకు ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"ఎక్కడున్నారని చెప్పను?"

"అడిగితే తెలిసేది."

"అవును. అడిగితే తెలిసేదే." గైడమ్మ చెయ్యి చాచి ఆ కుళాయి కట్టేసింది.

"నన్ను నోటికొచ్చినట్టు తిట్టిందే ఆవిడ. ఈ జన్మలో ఆ మొహం చూడకూడదనుకున్నా. కానీ పిల్లను కన్నప్పుడు తెల్లవార్లూ నా వీపు నిమురుతూ కూర్చుందీ ఆవిడే." వదిన చీర కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. బయట జనం గలగలలు వినిపిస్తున్నాయి. కాసేపటికి కొంగు తీసి, ముక్కు తుడుచుకుంది. "చిన్నది తన కన్నతండ్రి కట్టిన వంతెన చూస్తానని ఏడాదిగా ప్రాణం తీస్తోంది. ఈయన ఆ రోజు నుంచి అటు కన్నెత్తి చూడలేదు. నేరుగా అక్కడికే వెళ్దామంటే ఆయన వల్ల కాలేదు. బస్సులో ఊరంతా తిరుగుతుంటే మధ్యలో అదీ వస్తుంది, తెలీకుండా గడిచిపోతుంది అన్నాడు."

"ఈ బస్సులో నేనుంటానని..."

"తెలిస్తే ఎక్కేవాళ్లమా?" అంది వదిన. మాట కటువుగానే ఉంది కానీ, అంటూ అంటూనే గైడమ్మ చెంప మీద అంటిన నీటి చుక్కను బొటనవేలితో తుడిచింది.

వంతెన దగ్గరకు వచ్చేసరికి ఎండ కాస్త తగ్గింది. ఆ వంతెన గురించి గైడమ్మ ఎప్పుడూ ఎక్కువ చెప్పదు. సాయంత్రం దీపాలు వెలిగితే నదిలో నీడ ఎంత బాగుంటుందో చెబుతుంది, ఫోటోలకు ఏ వైపు నిలబడాలో చెబుతుంది. సరదాగా తిరగడానికి వచ్చిన వాళ్లకు చావు కబుర్లు చెప్పొద్దని కంపెనీ వాళ్లు మొదట్లోనే అన్నారు. ఆమెకూ అదే నయమనిపించింది. ఇన్నేళ్లుగా జనాన్ని దింపి, వాళ్లు తిరిగొచ్చేదాకా వంతెనకు వీపు పెట్టి బస్సు నీడలో నిలబడటం ఆమెకు అలవాటైపోయింది.

అందరూ దిగారు. పిల్ల ముందే దూకేసింది. "నాన్నా, రా!"

"మీరు పదండమ్మా. నాకు కాలు పట్టేసింది," అన్నాడు పొడుగన్న.

వదిన అతని వంక చూసింది. పిల్ల చెయ్యి పట్టుకుని నడిచింది. నిదానం టీ తాగొస్తానని రోడ్డు దాటాడు. ఖాళీ బస్సులో ఆ చివర పొడుగన్న, ఈ చివర గైడమ్మ మిగిలారు. అతను వంతెన ఉన్న వైపు కిటికీ తెర లాగేసి, ముందు సీటు కడ్డీని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.

ఆమె సీట్ల మధ్య నుంచి నడిచి వెళ్లి అతని ముందు సీట్లో పక్కకు తిరిగి కూర్చుంది. ఏం అడగాలో అనుకుని రాలేదు. నోటి వెంట మాత్రం పాత పిలుపే వచ్చింది.

"పొడుగన్నా."

అతను ఉలిక్కిపడ్డాడు. కళ్లు ఎర్రబడ్డాయి.

"ఆ రోజు ఏం జరిగింది? నాకు ఎవరూ సరిగ్గా చెప్పలేదు. అమ్మ చెప్పింది ఒక్కటే తెలుసు."

"నేను పైన లేనమ్మా," అన్నాడతను.

ఆమెకు వెంటనే అర్థం కాలేదు.

"పొద్దున్నుంచీ తుంపర పడుతోంది. పని ఆపి దిగమని సూపర్‌వైజరు కేకేశాడు. ఇద్దరం దిగుతున్నాం. సగం దిగాక మీ అన్నయ్య ఆగిపోయాడు. పైన మేం నిలబడే చెక్క పలక మీద రెంచీ వదిలేశానన్నాడు. పోనీలేరా, వాన తగ్గాక తీసుకోవచ్చు అన్నాను. గాలికి జారితే కింద పడవల్లో జనం ఉన్నారు, ఎవరి నెత్తి మీద పడుతుందో అన్నాడు. నువ్వు పోయి టీ చెప్పు, ఇట్టే వస్తానన్నాడు. నడుముకు కట్టుకున్న తాడు దిగేటప్పుడే విప్పేశాడు. మళ్లీ కట్టుకున్నాడో లేదో తెలీదు." అతను కడ్డీ మీద బొటనవేలు రాశాడు. "నేను టీ చెప్పాను. రెండు. వేడివేడిగా వచ్చాయి. నాది తాగుతున్నాను. అప్పుడు కేకలు వినపడ్డాయి."

బస్సు పక్క నుంచి లారీ ఒకటి పోయింది. అద్దాలన్నీ గడగడలాడాయి.

"మరి ఆ రోజు మా అమ్మ అంత మాట అంటే ఎందుకు ఊరుకున్నావు? పైన లేనని ఒక్క ముక్క చెబితే పోయేది కదా!"

"ఏమని చెప్పను తల్లీ? మీ అబ్బాయి పడిపోతుంటే నేను కింద కూర్చుని టీ తాగుతున్నానని ఆవిడకు చెప్పనా? పక్కనే ఉన్నాడు, పట్టుకోలేకపోయాడు అని ఆవిడ అనుకుంటోంది. అలా అనుకోవడమే నయమనిపించింది."

గైడమ్మకు ఏడుపు లోపలెక్కడి నుంచో తన్నుకొచ్చింది. అన్నయ్య పోయినప్పుడు ఏడ్చింది. అమ్మ పోయినప్పుడూ ఏడ్చింది. ఇది వేరే ఏడుపు. ఒక మనిషి నోరు మూసుకుని ఇన్నేళ్లు మోసిన దాని కోసం, ఆ మనిషి ముందే ఏడవడం. అతను ఏం చేయాలో తోచక నీళ్ల సీసా మూత తీసి ఇచ్చాడు.

"ఆ రెంచీ ఏమైంది?" అంది ఆమె, కాస్త తేరుకున్నాక.

"వాడి బెల్టులోనే ఉంది. నీళ్లలోంచి తీశాక చూశాం. కింద ఎవరి మీదా పడలేదు."

ఆమె లేచి, తెర పక్కకు జరిపింది. నది, పడవలు, ఎత్తుగా రెండు స్తంభాలు, వాటి నుంచి విసనకర్ర పుల్లల్లా విచ్చుకున్న ఉక్కు తాళ్లు. ఫుట్‌పాత్ మీద రెయిలింగు పట్టుకుని వదిన, పిల్ల నిలబడ్డారు. పిల్ల ఒకసారి ఈ స్తంభం వైపు, ఒకసారి ఆ స్తంభం వైపు చూస్తోంది.

"దిగు పొడుగన్నా. చిన్నదానికి ఎవరో ఒకరు చూపించాలి. ఏ స్తంభమో నాకు తెలీదు. రోజూ ఇక్కడికి వస్తాను, ఇంతవరకు ఎవరినీ అడగలేదు."

అతను లేవడానికి టైము పట్టింది. బస్సు మెట్టు దిగేటప్పుడు తలుపు కడ్డీ కోసం తడుముకున్నాడు. ఆమె చెయ్యి ఇచ్చింది. అంత మనిషీ ఆ చెయ్యి గట్టిగా పట్టుకుని, తల వంచుకుని, నేల చూసుకుంటూ నడిచాడు. వాళ్లిద్దరూ కలిసి రావడం చూసి వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పిల్ల గైడమ్మకు ఎదురొచ్చింది. "అమ్మ ఇప్పుడే చెప్పింది. మీరు నాకు అత్త అంట కదా! పొద్దున్నుంచీ చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదుగా," అంది గైడమ్మ.

పొడుగన్న అప్పటికి తల ఎత్తాడు. "అవతలిది," అన్నాడు. "నది మధ్యలో ఉంది చూడు, అది. మీ నాన్న ఎక్కితే ఒకటే ఈలలు. ఏ పాటా సరిగ్గా వచ్చేది కాదు. కింద పడవల వాళ్లు ఆపమని తిట్టేవాళ్లు." ఒకసారి నోరు తెరిచాక మాటలు ఆగలేదు. తాడును ఎలా పైకి లాగేవాళ్లో, ఎలా బిగించేవాళ్లో, ఎండకు ఉక్కు కాలితే చేతులకు గుడ్డలు ఎలా చుట్టుకునేవాళ్లో చెప్పాడు. పిల్ల పక్కనే ఉన్న లావుపాటి కేబుల్ మీద చెయ్యి వేసి, "ఇది నాన్న బిగించిందేనా?" అంది.

"ఇది కాదు. రా."

నలుగురూ నడిచారు. నది మధ్యకు వచ్చాక అతను ఆగి, ఒక కేబుల్ మీద అరచెయ్యి ఆనించాడు. "ఇదీ, ఆ పక్కదీ మావే. మీ నాన్నా నేనూ."

పిల్ల దానికి చెవి ఆనించింది. "మోగుతోంది!" అంది. వదిన కూడా చెవి పెట్టింది. వంతెన మీద పోయే బండ్ల అదురు లోపల సన్నగా, తెంపు లేకుండా వినిపిస్తోంది. వదిన కళ్లు మూసుకుని అలాగే ఉండిపోయింది. పొడుగన్న ఆమె వెనక నిలబడి రెయిలింగు మీద తల వాల్చి, పడుచు వయసులో ఏడవాల్సిన ఏడుపంతా అప్పుడు ఏడ్చాడు. ఎవరూ అతన్ని ఊరుకోమనలేదు.

బస్సు హారను మోగింది. తిరిగి వెళ్లేసరికి అందరూ ఎక్కి కూర్చున్నారు. టోపీ పెద్దాయన వాచీ చూపిస్తూ, "ఇట్టే వచ్చేయమని మాకు చెప్పి మీరే ఎక్కడికో పోతే ఎలాగమ్మా? మా ఊళ్లో అయితే..." అని మొదలుపెట్టాడు.

గైడమ్మ మైకు తీసుకుంది. "తప్పు నాదే. క్షమించండి. ఈ వంతెన కట్టిన వాళ్లలో మా అన్నయ్య ఒకడు. ఇక్కడే పోయాడు. వాళ్లమ్మాయి ఇవాళ మొదటిసారి చూసింది." మైకు హుక్కుకు తగిలించి కూర్చుంది. నిదానం అద్దంలోంచి ఆమెను చూసి, బస్సును మామూలు కన్నా మెల్లగా వంతెన దాటించాడు. పెద్దాయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. మ్యూజియంలో గానీ, ఆ తర్వాత చూసిన పూలతోటలో గానీ ఆయన తన ఊరి ఊసెత్తలేదు.

మర్నాడు గైడమ్మ సెలవు పెట్టింది. కంపెనీ వాళ్లు కారణం అడిగితే, "చుట్టాలొచ్చారు, ఊరు చూపించాలి," అంది. ముందు ముగ్గురినీ తను ఉండే రెండు గదుల ఇంటికి తీసుకెళ్లింది. అమ్మ పడుకునే మంచం మీద వదిన కూర్చుని, దుప్పటి అంచు సరిచేసింది. పొడుగన్న గోడ మీద అమ్మ ఫోటో ముందు నిలబడ్డాడు. ఆ రోజు విషయం గైడమ్మ ఫోటోకు చెబుతుందేమో అన్నట్టు ఆమె వంక చూశాడు. ఆమె చెప్పలేదు. వినాల్సిన మనిషి వినే వీలు లేకుండా పోయింది. ఆ బాధ తీరేది కాదని ఆమెకు తెలుసు.

తర్వాత నలుగురూ నడుస్తూ, సిటీ బస్సులెక్కుతూ తిరిగారు. అన్నయ్య చదివిన బడి గోడ చూపించింది. అతను పని నేర్చుకున్న ఇనుప షెడ్డు ఇప్పుడు మందుల దుకాణమైంది. అందులోకి వెళ్లి ఊరికే బయటికి రావడం బాగోదని వదిన తలనొప్పి మాత్రలు కొంది. ఏ టూరు బస్సూ ఆగని చోట్లు అవి. పిల్ల మాత్రం ప్రతి చోటా ఆగి, "ఇక్కడేం చేసేవాడు?" అని అడిగింది.

పొద్దు వాలే వేళకు పాత రేవు మెట్ల దగ్గరికి చేరారు. నీళ్లు చివరి మెట్లను తాకుతున్నాయి.

"మీ నాన్న నన్ను ఇక్కడే తోశాడు," అంది గైడమ్మ. "చెప్పాపెట్టకుండా. మునిగి తేలి, నీళ్లు మింగి, నానా తిట్లూ తిట్టాను. నీకు నోరాడినట్టు చేతులు ఆడితే ఎప్పుడో ఈత వచ్చేదే వసపిట్టా అన్నాడు."

"మీకొచ్చిందా మరి?"

"ఆ సాయంత్రానికే వచ్చింది."

పిల్ల చెప్పులు విప్పింది. వదిన ఒక్క ఉదుటున ముందుకొచ్చి ఆమె జబ్బ పట్టుకుంది. బావి దగ్గరికి కూడా పిల్లను ఎన్నడూ వెళ్లనివ్వని మనిషి. ఎంతకీ వదల్లేదు. పొడుగన్న వంగి పిల్ల చెప్పులు చేతిలోకి తీసుకున్నాడు. వదిన అతని వంక, గైడమ్మ వంక చూసి, వేళ్లు ఒక్కొక్కటే సడలించింది.

"మోకాళ్ల దాకానే," అంది. "మీ అత్త చెయ్యి వదిలావంటే ఊరుకోను."

గైడమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, ముందు తను దిగి, మేనకోడలి చెయ్యి అందుకుంది. రెండో మెట్టు మీద పిల్ల, "అమ్మో, చల్లగా ఉంది అత్తా!" అని అరిచింది.

"పాచి ఉంటుంది, కాలు చూసుకుని పెట్టు," అంది గైడమ్మ, ఇంకో మెట్టు దిగుతూ.